ఆడగుర్రం మెడలో గంట

మా నాన్న దళంలో మగవాడన్నవాడు ఎవడూ ఆడగుర్రం ఎక్కడు. కాలు విరిగినా కుంటుకుంటూ నడుస్తాడు గాని ఎక్కడు. ఆడగుర్రాలు ఈనడానికి, కళ్ళంలో గోధుమ తొక్కించడానికి. ఆడవాళ్ళూ పాద్రీలూ ఎక్కొచ్చు, వాళ్ళని ఎవరూ ఏమీ అనరు.

అయినా ప్రతి దళానికీ ఒక ఆడగుర్రం ఉండి తీరాలి. దాని మెడలో గంట కడతారు. విత్తులు కొట్టిన మగగుర్రాలు, తల్లి కొంగు పట్టుకున్న పిల్లల్లాగా, ఆ గంట వెంటే తిరుగుతాయి. అది నిలబడితే నిలబడతాయి, కదిలితే కదులుతాయి. మా గంట గుర్రం బూడిద రంగుది, పేరు సెనీసా. దాన్ని చూసుకునే పని నాది. నాన్న దళానికి కప్తాను కాబట్టి ఆ పని నాకు వచ్చిందని ఊళ్ళో అనుకునేవారు. అసలు సంగతి వేరు. మనుషుల ముందు నా నోరు పెగలదు. వంటింట్లో పదిమంది ఆడవాళ్ళ మధ్య కూర్చోబెడితే చెమటలు పట్టి లేచి వెళ్ళిపోయేదాన్ని. సెనీసా దగ్గరైతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏదో ఒకటి చెబుతూనే ఉండేదాన్ని. దానికి చెప్పకుండా మిగిలినవి, పాద్రీ అక్షరాలు నేర్పినప్పుడు ఇచ్చిన కాగితాల మీద రాసుకునేదాన్ని.

స్పెయిన్ రాజు మాకు వద్దని మావాళ్ళు తెగేసి చెప్పి అప్పటికి ఏడేళ్ళు. ఆ ఏడాది వానలు వెనకబట్టి, మొక్కజొన్న కంకులు చేలల్లో ఎండుతున్న వేళ, పెరూ నుంచి రాజుగారి సైన్యం కొండలు దిగి సాల్తా నగరంలో కూర్చుంది. ఊరిని పట్టుకోగలిగింది గాని తిండిని పట్టుకోలేకపోయింది. గింజలకీ పశువులకీ రోజూ మా లోయల్లోకి రావాల్సిందే. వచ్చినవాళ్ళని తిరిగి వెళ్ళనివ్వకపోవడం మా రెజిమెంటు పని.

నలభై మంది మనుషులు, నూట ఎనభై గుర్రాలు. అదీ మా దళం. మనిషికి నాలుగైదు గుర్రాలన్నమాట. ఒకదాని మీద పోట్లాడుతుంటే మిగిలినవి వెనక ముళ్ళపొదల్లో సెనీసా చుట్టూ నిలబడి ఉంటాయి. చప్పుడు కాకుండా గంటలో గడ్డి కుక్కి, నేను దాని పగ్గం పట్టుకుని కూర్చుంటాను. గుర్రాలు అలిసిపోగానే నాన్న మూడుసార్లు ఈల వేస్తాడు. నేను గడ్డి లాగేసి గంట ఆడిస్తాను. అలిసిన గుర్రాలు మనుషుల్ని మోసుకుంటూ నేరుగా గంట దగ్గరికి వచ్చి, జీను విప్పేదాకా చెట్టులా నిలబడతాయి. అదీ వాటి చదువు. ఒక గుర్రం మీంచి జీను దింపి, ఇంకోదాని మీద వేసుకుని, మూడు హైల్ మేరీ జపాలు చదివేలోపు మళ్ళీ వెళ్ళిపోతారు. ఎంత తోలినా అలిసిపోని గుర్రాలు మావని శత్రువులు అనుకునేవారట.

ఈస్టర్ వెళ్ళిన మూడోరోజు ఎనభై మంది కాల్బలం మొక్కజొన్న బళ్ళతో మా వాగు దాటారు. మావాళ్ళ జీనులకి రెండు పక్కలా రెక్కల్లాగా పచ్చితోలు పలకలు వేలాడుతుంటాయి, ముళ్ళు గుచ్చుకోకుండా. నలభై మందీ ఒక్కసారిగా కొరడాలతో ఆ తోళ్ళ మీద కొట్టారు. పిడుగులు పడ్డట్టు కొండ మారుమోగింది. బళ్ళ ఎడ్లు బెదిరిపోయాయి. సిపాయిలు ఒక వరసలో నిలబడి తుపాకులు పేల్చారు. మళ్ళీ మందు కూరుకునేలోపు మావాళ్ళ ఉచ్చుతాళ్ళు వాళ్ళ మీద పడ్డాయి. వరసలోంచి మనుషులు ఒక్కొక్కరే, పన్ను ఊడినట్టు ఊడి వచ్చారు.

నాన్న ఈల వేశాడు. నేను గంట ఆడించాను. ముందుగా వచ్చింది మా అన్న కసియానో.

"గట్టిగా ఆడించవే మొద్దూ! నీకు గూడా దండం పెట్టి అడగల్నా?"

వాడి ఉచ్చుతాడు ఒక కొస జీనుకు కట్టి ఉంది. రెండో కొసన ఇంకా మనిషి ఉన్నాడు. ముళ్ళపొదల మీదుగా ఎంత దూరం ఈడ్చుకొచ్చాడో, నోటి నిండా మట్టి. ఒక కాలికే బూటు ఉంది. కసియానో దిగి ఉచ్చు వదులు చేయబోయాడు. రాలేదు. మోకాలితో ఆ మనిషి మెడ నొక్కి పట్టి లాగాడు. తర్వాత తాడును గుప్పెడు గడ్డితో శ్రద్ధగా తుడిచాడు.

"ఏంది అట్ల చూస్తాండావు? తడి తగిలితే తాడు బిర్రుగయిపోతాది. మళ్ళా ఎవుడు నూనె పెట్టాల?"

వాడి ఎర్రకాళ్ళ గుర్రానికి జీను వేసుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నేను ఆ బూటు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ సాయంత్రానికి బళ్ళన్నీ మావే. ఎనభై మందిలో ఎంతమంది నగరానికి తిరిగి వెళ్ళారో నాకు తెలీదు.

ఇంట్లో అవ్వ బ్రిహిదా పొయ్యి మీద ఎండుమాంసం కూర పెట్టి మా కోసం చూస్తోంది. మా అమ్మ పోయాక మమ్మల్ని సాకింది ఆమే. కసియానో తన గొప్పలన్నీ చెప్పుకున్నాడు. అవ్వ గరిటె తిప్పుతూ అంది:

"నీ మొగతనమంతా జీను మీదనే ఉండాది లేరా. కిందికి దిగితే కోడిపెట్టవి."

"మొగోడు దిగేది తినేదానికీ, చచ్చేదానికీనే అవ్వా."

"మీ ముత్తాత గూడా అట్లే అనేవాడు. వాని గుర్రం దోవలో చచ్చిపోతే పక్కన ఆడగుర్రాన్ని పెట్టుకోని, ఎక్కకుండా, మూడు దినాలు నడిచినాడు."

"చూడు మరి! ఊరు చేరినాడా లేదా?"

"చేరినాడు. పాదాలు కుళ్ళి ఆ నెల్లోనే చచ్చినాడు. మొగోడుగానే చచ్చినాడులే, దిగులుపడబాక."

నాన్న కూడా నవ్వాడు. నాన్న నవ్వగా చూసింది ఆ శీతకాలానికి అదే ఆఖరు.

పది రోజుల తర్వాత నాన్న ముప్పై మందితో కనుమ కాయడానికి పైకి వెళ్ళాడు. గుంపును కాయడానికి కసియానోనీ తొమ్మిది మందినీ మా ఇంటి దగ్గరే ఉంచాడు. తెల్లవారింది గాని పొగమంచు విడలేదు. నేను సెనీసా తోకలోంచి ముళ్ళకాయలు ఏరుతున్నాను. కసియానో చొక్కా విప్పి వాగులో మొహం కడుక్కుంటున్నాడు. వాడి గుర్రం దూరంగా, మా ఇంటి ముందర కట్టుకొయ్యకి ఉంది.

మంచులోంచి డెక్కల చప్పుడు వచ్చింది. మావాళ్ళే అనుకున్నాను. తోలు రెక్కల చప్పుడు లేదని తట్టేసరికి వాళ్ళు వాగు ఇవతల ఉన్నారు. యాభై మంది కత్తులు దూసి వస్తున్నారు. ముందు తెల్ల టోపీ కప్తాను. మా ఇంటి వైపు కొందరు, గుర్రాల వైపు కొందరు.

కసియానో సెనీసాకి పది అడుగుల దూరంలో ఉన్నాడు. నేను పగ్గం వాడి వైపు చాచాను.

"అన్నా, ఎక్కు!"

అంత గట్టిగా నేను ఎప్పుడూ అరవలేదు. వాడు ఎక్కి అడవిలోకి తోలితే చాలు, నూట యాభై గుర్రాలూ వెనక వచ్చేసేవి. వాడు సెనీసాని చూశాడు. గట్టు మీద నిలబడి తన వైపే చూస్తున్న మా దళంవాళ్ళు ముగ్గుర్ని చూశాడు. రెప్ప కొట్టినంతసేపు. తర్వాత తన గుర్రం కోసం ఇంటి వైపు పరిగెత్తాడు.

నేనే ఎక్కి ఉండొచ్చు. నన్ను చూసి ఎవరూ నవ్వేవారు కాదు. కాని అన్న పక్కన ఉండగా ఆ సంగతి నాకు తట్టనే లేదు.

ఒక రౌతు గుర్రంతో నన్ను గుద్ది పడేశాడు. పగ్గం నా అరచేతి తోలుతో సహా ఊడిపోయింది. గంటలో ఇంకా గడ్డి పెట్టలేదు. అది గణగణమంటూ మోగుతూ మంచులోకి వెళ్ళిపోయింది. మా గుర్రాలన్నీ పెళ్ళికి పోతున్నట్టు తల ఊపుకుంటూ దాని వెనక వెళ్ళిపోయాయి.

కసియానో తన గుర్రాన్ని చేరనేలేదు. దాన్నీ విప్పుకుపోయారు. భుజం మీద కత్తివేటుతో మొక్కజొన్న చేలో పడిపోయాడు. గట్టు మీద చూస్తున్న ముగ్గురూ గట్టు మీదే చచ్చిపోయారు.

నేను ఇంటికి వెళ్ళేసరికి గుమ్మంలో అవ్వ పడి ఉంది. చేతిలో రోకలి అలాగే ఉంది. పక్కన మట్టిలో ఎవడిదో పన్ను, రక్తం. రోకలితో ఎవడి మూతో పగలగొట్టిందన్నమాట. వాడు కాకపోతే వాడి పక్కవాడు ఆమెను పొడిచేశాడు. ఆమె మీద మెడ దాకా గోధుమరంగు, పసుపు చారల దుప్పటి కప్పి ఉంది. కళ్ళు మూసి ఉన్నాయి. ఆ దుప్పటి మాది కాదు. మా ఊళ్ళో ఎవరిదీ కాదు.

నాన్న తిరిగి వచ్చాక వారం రోజులు ఏం జరిగిందో రాయడానికి కూడా నాకు చెయ్యి ఆడలేదు. ముప్పై మందికీ ఎక్కిన గుర్రాలే మిగిలాయి. మార్చుకోవడానికి ఇంకోటి లేదు. రెండోరోజుకి అవి నురగలు కక్కాయి. నాలుగోరోజుకి కూలబడ్డాయి. గుర్రం లేని మావాళ్ళని నేను ఎప్పుడూ చూడలేదు. వంకర కాళ్ళతో, గుర్రాల్ని పొడిచే పెద్ద ముళ్ళచక్రాలు మడమలకి గలగలలాడుతుంటే, పిల్లబాతుల్లా నడిచారు. రాజు రౌతులు మా గుర్రాల మీదే ఎక్కి వచ్చి వాళ్ళని చేలల్లో వెంటాడి నరికారు. గట్టు మీద పోయిన ముగ్గురితో కలిపి పదకొండు మంది పోయారు. నాన్న తొడలో తుపాకి గుండు దిగింది. మిగిలినవాళ్ళు గొంతుక అని పిలిచే కొండసందులోకి చేరారు. లోపలికి పోను పోను అది సన్నబడి, మూడు గుర్రాలు పక్కపక్కన పట్టేంత అవుతుంది. వెనక వాగు బాట ఒకటి ఉంది గాని, గాయపడ్డవాళ్ళని మోసుకుని దాన్లో ఎంతో దూరం పోలేము. శత్రువు వచ్చి తలుపు వేస్తే అదే మా సమాధి.

నాన్న రాతికి ఆనుకుని కూర్చుని అందరి ముందే కసియానోని అడిగాడు.

"గంట గుర్రం నీకు ఎంత దూరంలో ఉండె?"

"పది అడుగులు."

"నీ గుర్రం?"

"రెండు వందలు."

నాన్న తల వంచుకున్నాడు. అక్కడున్న వాళ్ళందరికీ తమ్ముడో బావో పోయాడు. అయినా ఒక్కడు కూడా కసియానోని ఒక్క మాట అనలేదు. దానికే నాకు భయమేసింది. ఆ మంచులో ఎవడున్నా ఆ రెండు వందల అడుగులే పరిగెత్తి ఉండేవాడు.

నాన్న నన్ను పిలిచాడు.

"నికా. నువ్వు ఎక్కితే ఎవురూ ఏమీ అనరు గదా."

నేను తల ఊపాను.

రాజు దండు మా లోయలోనే, ఒక పెద్ద రైతు విడిచిపెట్టి పారిపోయిన ఇంట్లో దిగి ఉంది. మరునాడు బుట్టలో మొక్కజొన్న రొట్టెలు పెట్టుకుని, జేబులో ఉప్పు పోసుకుని వెళ్ళాను. రొట్టెలమ్మే ఆడపిల్లని ఎవరు ఆపుతారు? గుర్రాల దొడ్డి దగ్గర సెనీసాని కొయ్యకి కట్టేశారు. నన్ను చూసి చెవులు నిక్కబొడిచింది. నేను చూపు తిప్పుకున్నాను.

దాన్ని చూసుకుంటున్నది సిపాయి కాదు. యాభై ఏళ్ళ మనిషి, బుగ్గలో కోకా ఆకుల ముద్ద. పెరూలో కూస్కో కొండల్లో కంచరగాడిదలు తోలుకునేవాడట. గాడిదలతో పాటు తననీ పట్టుకొచ్చారు. పేరు ఇసిద్రో. మాట యాస మాది కాదు.

"ఏం బిడ్డా, నోరు లేదా నీకు?"

నేను రొట్టె చాపాను.

"లేకున్నా మంచిదే తియ్యి. ఈ దండుల నోరున్నోళ్ళు మస్తు మంది ఉన్నరు."

రొట్టె తింటూ తనంతట తనే మాట్లాడాడు. మాట్లాడే మనిషి దొరక్క ఎన్నాళ్ళయిందో.

"గీ గుర్రాలు గంట మీద పెరిగినయి. గంటను ఇడిచిపెట్టి లడాయికి పోవద్దని మా కప్తానుకు చెప్పిన. నవ్విండు. మేం రౌతులం, గాడిదల కాపర్లం కాదన్నడు. నాకేంది? నేను గాడిదల కాపరినే గదా."

రెండోరోజు చలి ఎక్కువైంది. అందరూ దుప్పట్లు కప్పుకున్నారు. ఇసిద్రో మాత్రం చిల్లుల గోనెసంచి భుజాల మీద వేసుకుని వణుకుతున్నాడు.

"దుప్పటి లేదా?" అన్నాను. కొత్తవాళ్ళతో నా అంతట నేను మాట్లాడిన మొదటి మాట అదే అనుకుంటాను.

"అబ్బ, నోరున్నది!" అని నవ్వాడు. "ఉండె బిడ్డా. మా ఇంటామె నేసింది, పసుపు చారలది. ఒక ముసలమ్మకు ఇచ్చిన."

నేను బుట్ట సర్దుకుంటున్నట్టు కిందికి చూశాను.

"ఆమెకు గప్పటికే చలి లేదనుకో. ఈగలు వాలుతున్నయి. మా అమ్మంత ఉన్నది. ఎట్ల ఇడిచిపెట్టి పోవాలె?"

మిగిలిన రొట్టెలన్నీ అతని ఒళ్ళో పోసి వచ్చేశాను. ఆ రోజు కాగితం మీద ఏమీ రాయలేదు. నాన్నకి దుప్పటి సంగతి చెప్పలేదు, గంట గురించి కప్తాను అన్న మాట మాత్రం చెప్పాను. నాన్న తన తొడ కట్టు బిగించుకుని, "వాళ్ళని గొంతుకలోకి రానీ. వాళ్ళు కదలంగనే నువ్వు గంట గుర్రాన్ని ఇక్కడికి తోలుకురా," అన్నాడు.

మూడోరోజు పొద్దున నేను వెళ్ళేసరికి దండు బయలుదేరుతోంది. నూట నలభై మంది, అందరూ మా గుర్రాల మీదే. గొంతుకలో ఉన్నవాళ్ళని ఆ పూటతో ముగించేస్తామని సిపాయిలు ఒకరితో ఒకరు చెప్పుకుంటున్నారు. రౌతులు చాలక గాడిదలు తోలేవాళ్ళకి కూడా బల్లేలిచ్చి ఎక్కించారు. ఇసిద్రో మా అన్న ఎర్రకాళ్ళ గుర్రం మీద గోనెసంచితో, ఇంకో గోనెసంచిలా కూర్చుని ఉన్నాడు.

"చూడు బిడ్డా, నా వేషం! ఇది నన్ను ఎటు గుంజుకపోతదో దేవునికే ఎరుక. బూడిదదానికి జర ఉప్పు పెట్టు, పొద్దున నేను పెట్టలే."

వాళ్ళు బాటమీద వంపు తిరిగేదాకా ఆగాను. దొడ్డి దగ్గర ఇద్దరు కుంటి సిపాయిలు పేకాడుతున్నారు. సెనీసాకి ఉప్పు పెట్టాను. గంటలో గడ్డి కుక్కాను. పగ్గం విప్పి, జీను లేకుండానే ఎక్కాను. పేక ముక్క పట్టుకునే ఒకడు "ఏయ్ రొట్టెలపిల్లా!" అని నవ్వాడు. రెండోవాడు నవ్వలేదు. వాడు పేల్చిన గుండు సెనీసా చెవి కొస ఎగరగొట్టుకుపోయింది. దాని రక్తం గాలికి నా మొహం మీద పడుతుంటే ఎండిన వాగులో రాళ్ళ మీదుగా తోలాను. బాట మైదానం చుట్టి పోతుంది. వాగు తిన్నగా గొంతుక వెనక్కి తేలుతుంది.

నన్ను చూసి రాళ్ళ మీద కూర్చున్నవాళ్ళెవరూ కేక వేయలేదు. టోపీలు మాత్రం తీశారు. ఇద్దరు నాన్నని ఎత్తి రాతి మీద కూర్చోబెట్టారు. సందు సన్నబడేచోట, అడుగున, సెనీసాతో నన్ను నిలబెట్టారు. రెండు పక్కలా పైన రాళ్ళ మీద మావాళ్ళు బల్లేలతో, తాళ్ళతో, మిగిలిన ఏడు తుపాకులతో పడుకున్నారు.

"గంట మోగినంతసేపూ గుర్రాలు నిలబడతాయి," అన్నాడు నాన్న. "ఆగిందంటే చెదురుతాయి. చెదిరినాయంటే వాళ్ళు నూట నలభై, మనం ఇరవైతొమ్మిది. నేను ఈల వేసేదాకా ఆపొద్దు. ఏం చూసినా ఆపొద్దు. తెలిసిందా?"

తల ఊపాను.

బయట మైదానంలో బాకా ఊదారు. నూట నలభై గుర్రాలు రెండు వరసలుగా కదిలాయి. నేల నా కాళ్ళ కింద అదిరింది. తెల్ల టోపీ కప్తాను కత్తి ఎత్తి ఏదో అరిచాడు.

"ఇప్పుడు," అన్నాడు నాన్న.

గడ్డి లాగేశాను. గంట పట్టుకుని ఆడించాను.

ముందు ఏమీ జరగలేదు. తర్వాత ఎర్రకాళ్ళ గుర్రం తల ఎత్తింది. దాని పక్కది ఎత్తింది. వరస వంగిపోయింది, కరిగిపోయింది. గుర్రాలన్నీ ఒక్కటిగా ముద్దకట్టి గొంతుక వైపు తిరిగాయి. రౌతులు కళ్ళేలు లాగుతున్నారు. గుర్రాల మూతులు చీలి రక్తం కారుతోంది. ఆగడం లేదు. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, మోకాళ్ళు రాళ్ళకి రుద్దుకుంటూ లోపలికి వచ్చి, సెనీసా ముందు నిలబడిపోయాయి. వెనకవి వాటి వెనక నిలబడ్డాయి. జీనులు విప్పుతారని ఎదురు చూస్తున్నాయి.

కత్తి ఎత్తడానికి చోటు లేదు. దిగడానికి చోటు లేదు. గుర్రానికీ గుర్రానికీ మధ్య మనిషి కాలు కూడా దిగదు. మావాళ్ళు పైనుంచి మొదలుపెట్టారు. బల్లెం దిగే చప్పుడు నానిన తోలు కుట్టే చప్పుడులా ఉంటుంది. ఒకడు చేతులెత్తి పాద్రీని పిలిచాడు. అతని నోట్లోనే దిగింది. ఒకడు గుర్రాల వీపుల మీదుగా పరిగెత్తబోయి ఉచ్చులో చిక్కి గాల్లో వేలాడాడు. చచ్చినవాళ్ళు పడిపోవడానికి కూడా చోటు లేక జీనుల మీదే కూర్చుని ఉన్నారు. కప్తాను టోపీ ఎక్కడో కింద డెక్కల మధ్య తెల్లగా కనబడి, కాసేపటికి ఎర్రబడింది.

నేను గంట ఆడిస్తున్నాను.

ఎర్రకాళ్ళ గుర్రం అందరికంటే ముందు వచ్చి సెనీసా మెడ మీద ముట్టె పెట్టి నిలబడింది. ఇసిద్రో నాకు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాడు. బల్లెం ఎప్పుడో పారేశాడు. నన్ను గుర్తుపట్టాడు. అతని మొహంలో కోపం లేదు. దారి తప్పినచోట తెలిసిన మనిషి కనబడ్డట్టు చూశాడు.

"బిడ్డా, గంట ఆపు. జర ఆపు. నేను దిగి పోత. ఇంటికి పోత."

నాన్న వైపు చూశాను. నాన్న ఇంకోవైపు చూస్తున్నాడు.

"జరంతసేపు బిడ్డా."

ఆడించాను. కసియానో తాడు కుడివైపు నుంచి వచ్చింది. ఇసిద్రో మెడ చుట్టూ, గోనెసంచితో సహా బిగిసింది. అతను పైకి లేచి వెనక్కి పోయాడు. గుర్రం కదల్లేదు.

నాన్న ఈల వేసినా నా చెయ్యి గంటని వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే ఎవరో విప్పారు. ఇసిద్రో రాళ్ళ మొదట్లో పడి ఉన్నాడు. కప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నా శాలువా అప్పటికే సెనీసా చెవికి కట్టేశాను. కసియానో వచ్చి తాడు విప్పుకుని, నా మొహం చూసి, "వీడు నీకు తెలుసునా?" అన్నాడు. తల ఊపాను. వాడు ఆ తాడు తుడవలేదు. అక్కడే వదిలేశాడు.

చలి ముదిరేసరికి రాజు సైన్యం తిండి లేక వచ్చిన దారినే పెరూకి వెనుదిరిగింది. దాని తోకను మావాళ్ళు ఇంకా తరుముతూనే ఉన్నారు. ఆ రోజుల్లోనే రెజిమెంటు పెద్ద దొరల దగ్గర నుంచి ఒక అధికారి వచ్చాడు. ప్రతి దళం ఎక్కడ ఏం చేసిందో రాసి రెజిమెంటు చరిత్ర కూర్చుతున్నాడట. నేను మాతే ఆకు కషాయం కాచి, గిన్నెలో పోసి అందించాను. నాన్న చెప్పాడు, ఆయన రాసుకున్నాడు.

"అంతా బాగుంది. కాని అన్ని గుర్రాలూ తమంతట తాము ఆ సందులోకి ఎందుకు వచ్చాయి?"

నాన్న నా వైపు చూసి ఆగాడు. కసియానో మూల నుంచి లేచాడు.

"నేను చెప్తా, రాసుకోండి. మా చెల్లెలు గంట కొట్టింది. ఎందుకు కొట్టాల్సొచ్చిందో అదీ రాయండి. ఆడగుర్రం పది అడుగుల్లో ఉంటే ఎక్కకుండా రెండు వందల అడుగులు పరిగెత్తినోడు ఒకడున్నాడు. కసియానో. వాని వల్ల మా అవ్వ చచ్చె. పదకొండు మంది చచ్చిరి. పేర్లు గూడా చెప్తా."

అధికారి కలం ఎత్తి పట్టుకుని వాణ్ణి చూశాడు. ఆయనా సాల్తావాడే.

"ఆడగుర్రం ఎక్కకపోవడం తప్పెలా అవుతుందయ్యా? ఎవరైనా ఎక్కుతారా?" అని నవ్వి, ఆ మాటలేవీ రాయకుండా కాగితం తిప్పాడు.

అప్పుడే ఒక మనిషి వాకిట్లోకి వచ్చి, కింది వాగు దగ్గర శత్రువుల వెనక దళం ఒకటి దిగిందని చెప్పాడు. అందరూ లేచారు. నాన్న కర్ర పట్టుకుని, "నికా, గంట," అన్నాడు.

నేను లేవలేకపోయాను. కషాయం గిన్నె నా చేతిలోనే ఉంది. నాన్న ఇంకోసారి పిలవబోయాడు.

కసియానో బయటికి నడిచాడు. తన ఎర్రకాళ్ళ గుర్రాన్ని దాటిపోయాడు. సెనీసా జూలు పట్టుకుని, జీను లేకుండా, దాని వీపు మీదికి ఎక్కి కూర్చున్నాడు. దళమంతా చూస్తోంది. గడపలో అధికారి చూస్తున్నాడు.  అధికారి వెంట వచ్చిన నగరపు రౌతు ఒకడు ఆపుకోలేక పకపక నవ్వాడు.

"నవ్వుకో అబ్బీ," అన్నాడు కసియానో. "పండ్లుండంగనే నవ్వుకోవల్ల."

వాడి చెవులు ఎర్రగా కందిపోయాయి. నన్ను చూడకుండా, సెనీసా తెగిన చెవిని చూస్తూ అడిగాడు:

"ఇంక దీన్ని నేను చూసుకుంటాలే. గంటలో గడ్డి నువ్వు పెడతావా, నేనే పెట్టుకోనా?"

గిన్నె కింద పెట్టి వెళ్ళాను. గోడ వార నుంచి గుప్పెడు గడ్డి పీకి, మోకాళ్ళ మీద కూర్చుని, గంట నాలుక కదలకుండా గట్టిగా కుక్కాను. ఆ ఇనుము చల్లగా ఉంది.